ఒకే గుడారం, మూడు పద్దులు

మన ఊళ్లలో రోడ్డుకు గుంత పడితే మొదట వచ్చే ప్రశ్న, ఇది ఆర్ అండ్ బీ రోడ్డా, పంచాయతీరాజ్ రోడ్డా అని. గుంత లోతు సంగతి తర్వాత. ఈ ఆఫీసు ఆ ఆఫీసును చూపిస్తుంది, ఆ ఆఫీసు ఈ ఆఫీసును చూపిస్తుంది, ఈలోగా ఒక వర్షాకాలం గడిచిపోతుంది. మడగాస్కర్‌కూ ఆఫ్రికా తీరానికీ మధ్య సముద్రంలో ఉన్న మయోట్ అనే ఫ్రెంచి దీవిలో కొన్నేళ్లుగా నడుస్తున్నది ఇలాంటి పంచాయితీయే. కాకపోతే అక్కడ గుంత స్థానంలో ఉన్నది మనుషులు.

2023లో ఆ దీవి ముఖ్యపట్టణం మాముద్జూలో, కవానీ అనే పేటలోని స్టేడియం చుట్టూ గుడారాలు లేచాయి. కర్రలు, టార్పాలిన్లు, దొరికిన గుడ్డముక్కలు. ఉన్నవాళ్లలో ఎక్కువ మంది కాంగో, రువాండా, బురుండీ, సోమాలియాల నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్లు. వాళ్లకు తాత్కాలిక వసతి ఇవ్వాలని ఫ్రెంచి చట్టమే చెబుతోంది. ఇవ్వాల్సిందెవరో, ఏ పద్దు కింద ఇవ్వాలో దగ్గరే గొడవ. స్టేడియం ఏమో స్థానిక ప్రభుత్వానిది, అంటే డిపార్ట్‌మెంట్ కౌన్సిల్‌ది. మన జిల్లా పరిషత్ లాంటిదే, అధికారాలు మాత్రం ఇంకా ఎక్కువ. ఆశ్రయం కోరేవాళ్ల బాధ్యత పారిస్‌లోని కేంద్ర ప్రభుత్వానిది. "మీ మనుషులు మా గ్రౌండ్‌లో ఉన్నారు, తీసుకుపొండి" అన్నది కౌన్సిల్ మాట. ఖాళీ చేయించమని కోర్టుకు కూడా వెళ్లింది. 2023 డిసెంబర్ చివర్లో స్థానిక పరిపాలనా కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

ఈ చిక్కుముడి అర్థం కావాలంటే ముందు ఈ దీవి ఏమిటో కాస్త చూడాలి.

మయోట్ విస్తీర్ణం 374 చదరపు కిలోమీటర్లు. విస్తరణకు ముందున్న 650 చదరపు కిలోమీటర్ల జీహెచ్‌ఎంసీలో సగం కంటే కొంచెం ఎక్కువ. జనాభా అధికారిక లెక్కల్లో మూడు లక్షల పైచిలుకు. భౌగోళికంగా, భాషాపరంగా, బంధుత్వాల పరంగా ఇది కొమొరోస్ దీవుల్లో ఒకటి. 1974లో స్వాతంత్ర్యం మీద ఓటింగ్ పెడితే మిగతా మూడు దీవులూ ఫ్రాన్స్ వద్దన్నాయి, మయోట్ మాత్రం ఉంటానంది. 1975లో కొమొరోస్ స్వతంత్రమైంది, మయోట్ ఫ్రాన్స్‌లోనే మిగిలింది. 2009లో మళ్లీ ఓటు వేసి, 2011 మార్చి 31న ఫ్రాన్స్‌కు 101వ డిపార్ట్‌మెంట్ అయింది. 2014 నుంచి యూరోపియన్ యూనియన్‌లో భాగం కూడా. యానాం 1954లో ఏ దారి వదిలిందో మయోట్ సరిగ్గా ఆ దారే పట్టింది. యానాం ప్రస్తావన ఊరికే తేలేదు. 1820ల చివర్లో అక్కడి నుంచే తెలుగు కూలీలను ఇదే సముద్రంలోని రీయూనియన్ దీవికి ఓడల్లో తీసుకెళ్లారు. పారిస్ నుంచి దూరపు దీవులను నడపడమనే వ్యవహారం మనకు మరీ పరాయిదేం కాదు.

పక్కనున్న కొమొరోస్ దీవి అంజువాన్ 70 కిలోమీటర్ల దూరం. 1995 దాకా రాకపోకలకు అడ్డు లేదు. ఆ ఏడాది ఫ్రాన్స్ వీసా పెట్టింది. అప్పటి నుంచి క్వాసా-క్వాసా అనే చిన్న చేపల పడవల్లో రాత్రిపూట దాటడం, మునిగిపోవడం, పట్టుబడితే వెనక్కి పంపడం మామూలైపోయింది. 2017 జనగణనలో దీవి జనంలో 48 శాతం విదేశీయులని తేలింది. ప్రతి పది ఇళ్లలో నాలుగు రేకుల ఇళ్లు. పదింట మూడిళ్లలో లోపల కుళాయి లేదు. 2018 లెక్కల్లో 77 శాతం మంది ఫ్రాన్స్ జాతీయ పేదరిక రేఖకు దిగువన ఉన్నారు. 2023 కరువులో నీళ్లు మూడు రోజులకోసారి వదిలారు.

కాబట్టి "స్టేడియం ఖాళీ చేయించండి" అని రోడ్డెక్కిన స్థానికులందరినీ ఒక్క మాటతో జాత్యహంకారులని కొట్టిపారేస్తే సగం కథ వదిలేసినట్టే. పేరుకు వాళ్లు ఫ్రెంచి పౌరులు. పేదలకిచ్చే కనీస ఆదాయ భృతి మాత్రం వాళ్లకు ప్రధాన ఫ్రాన్స్‌లో ఇచ్చేదాంట్లో సగమే. అలా అని ఆ కోపం చేసిన పనులన్నీ సమర్థించలేం. విదేశీయులకు సాయపడే సంస్థల ఆఫీసులకు అడ్డంగా నెలల తరబడి కూర్చున్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఫ్రాన్స్ బడ్జెట్‌లో ప్రతి ఖర్చుకూ ఒక నంబరున్న పద్దు ఉంటుంది, ప్రతి పద్దుకూ ఒక మంత్రిత్వ శాఖ యజమాని. శరణార్థుల వసతికి సంబంధించి గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. 303వ పద్దు వలసలు, ఆశ్రయానిది, హోం శాఖ చేతిలో ఉంటుంది. 104వది ఆశ్రయం మంజూరైనవాళ్లను సమాజంలో కలుపుకోవడానికి, అదీ హోం శాఖదే. 177వది నిలువ నీడ లేని ఎవరికైనా ఇచ్చే అత్యవసర వసతిది, గృహనిర్మాణ శాఖ కిందికి వస్తుంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. కాంగో తూర్పు నుంచి టాంజానియా మీదుగా పడవెక్కి మయోట్‌లో దిగాడు. ఆశ్రయం కావాలని దరఖాస్తు పెట్టాలి. ప్రిఫెక్చర్‌లో, అంటే అక్కడి కలెక్టరేట్‌లో, పేరు నమోదయ్యేదాకా అతను కాగితం మీద ఎవరికీ చెందడు. ఆ రోజుల్లో అతనికి వర్తించేది ఒక్క 177. పేరు నమోదైంది, రసీదు చేతికొచ్చింది. ఆ క్షణం నుంచి అతను 303 మనిషి. కొన్ని నెలలకు ఇంటర్వ్యూ అయి, శరణార్థి హోదా వచ్చింది. ఇప్పుడు 303తో సంబంధం తెగిపోయింది, 104 చూసుకోవాలి. ఒకవేళ దరఖాస్తు కొట్టేస్తే, అప్పీలు కూడా పోతే, 303 కాదు, 104 కాదు, మళ్లీ 177 గుమ్మం ముందుకు. ఇన్ని మార్పుల్లోనూ మనిషి పడుకున్నది మాత్రం అదే స్టేడియం పక్కన, అదే టార్పాలిన్ కింద.

177 గుమ్మం దగ్గర చట్టం చాలా ఉదారంగా ఉంటుంది. శారీరకంగా, మానసికంగా, సామాజికంగా ఇబ్బందుల్లో ఉండి తలదాచుకునే చోటు లేని ఎవరికైనా, ఏ సమయంలోనైనా వసతి ఇవ్వాలని ఫ్రెంచి సామాజిక చట్టం చెబుతుంది. కాగితాలున్నాయా అని అడగదు. 115 అనే నంబరుకు ఫోన్ చేస్తే చాలు. 2012 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దీన్ని ప్రాథమిక స్వేచ్ఛగా గుర్తించింది. అంటే వసతి ఇవ్వకపోతే 48 గంటల్లో తేల్చే అత్యవసర పిటిషన్ వేయొచ్చు. అయితే అదే న్యాయస్థానం ఒక తోక కూడా తగిలించింది: ప్రభుత్వం చేతిలో ఉన్న సాధనాలను కూడా చూడాలట. పడకలే లేనిచోట ప్రిఫెక్ట్ "నా దగ్గర ఉన్నవన్నీ నిండిపోయాయి" అంటే కోర్టు సాధారణంగా వినక తప్పదు. అదే పసిపిల్లలో, గర్భిణులో ఉన్నప్పుడు మాత్రం గట్టిగా అడుగుతుంది. పడకలు తక్కువ ఉండటమే ప్రభుత్వానికి రక్షణగా మారే చోటు ఇదే.

అసలు 177వ పద్దుకే పెద్ద జబ్బుంది. దేశం మొత్తం మీద 2,03,000 అత్యవసర పడకలు, ఏటా సుమారు 300 కోట్ల యూరోల ఖర్చు. ప్రతి ఏడాదీ బడ్జెట్‌లో అవసరం కంటే తక్కువ రాస్తారు, ఏడాది చివర్లో అదనపు బడ్జెట్‌తో పూడుస్తారు. ఆడిట్ న్యాయస్థానం ఈ అలవాటును మళ్లీ మళ్లీ తప్పుబట్టింది. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఎదురుచూసిన కాలేజీలకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. వసతి కేంద్రాలు నడిపేది ప్రభుత్వం కాదు, స్వచ్ఛంద సంస్థలు. నడిపేవాడు మార్చిలో అద్దె కట్టాలి, డబ్బు ఖాయమయ్యేది నవంబర్‌లో. పారిస్‌లో ఈ లోటును ఎలాగోలా సర్దుకుంటారు. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల, అద్దెకిచ్చే భవనాలే అరుదైన దీవిలో అది నేరుగా రోడ్డు మీద పడుతుంది.

303వ పద్దు సంగతి ఇంకా విచిత్రం. ప్రధాన ఫ్రాన్స్‌లో ఆశ్రయం కోరే ఒంటరి మనిషికి రోజుకు 6.80 యూరోల భత్యం వస్తుంది, నెలకు రెండు వందల పైమాటే. మయోట్‌లో ఆ భత్యం లేదు. చట్టంలోనే మయోట్‌కు మినహాయింపులు రాసి పెట్టారు. దానికి బదులు ఇచ్చేది నెలకు 30 యూరోల తిండి కూపన్లు. మన లెక్కలో మూడు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. అదే దీవిలో తిండి సరుకుల ధరలు ప్రధాన ఫ్రాన్స్ కంటే దాదాపు 30 శాతం ఎక్కువ. ఒకే దేశం, ఒకే దరఖాస్తు ఫారం, ఇచ్చేది ఏడో వంతు. ఆశ్రయార్థుల కోసం ప్రధాన ఫ్రాన్స్‌లో ఉండే శాశ్వత కేంద్రాలు కూడా ఇక్కడ లేవు, ఉన్నది ఒక స్థానిక సంస్థ నడిపే అత్యవసర వసతి మాత్రమే.

ఎందుకిలా అంటే అధికారుల నుంచి, చాలామంది స్థానిక నాయకుల నుంచి వచ్చే జవాబు ఒక్కటే. వసతి బాగుంటే ఇంకా వస్తారు. బెల్లం ఉన్నచోటికే చీమలు అన్న లెక్క. ఈ వాదన తీరు చూస్తే నాకు ఒక సంగతి కనిపిస్తుంది. పడకలు లేకపోవడాన్ని ఒకే ప్రభుత్వం ఒకచోట నిధుల కొరత అంటుంది, ఇంకోచోట వలసలను ఆపే విధానం అంటుంది. కొరతైతే డబ్బు పంపితే తీరుతుంది. విధానమైతే డబ్బున్నా పంపరు. ఏది ఎంతో తేల్చకుండా ఉంచడం అందరికీ సౌకర్యంగానే ఉంది, కోర్టులో మొదటిది చెప్పొచ్చు, మీటింగులో రెండోది చెప్పొచ్చు. ఇంటి మీద బాంబులు పడి బయల్దేరిన కాంగో మనిషి మయోట్‌లో పడకల సంఖ్య చూసి పడవెక్కాడంటే నమ్మడం నాకైతే కష్టం.

మధ్యలో ఇంకో పోటీ ఉంది, బయటివాళ్లకు అంతగా తెలియనిది. 2018 నవంబర్‌లో వచ్చిన ఎలాన్ చట్టం మయోట్‌లోనూ ఫ్రెంచ్ గయానాలోనూ రేకుల బస్తీలను కోర్టు ఉత్తర్వు లేకుండానే కూల్చే అధికారం ప్రిఫెక్ట్‌కు ఇచ్చింది. ఒక షరతు పెట్టింది: అక్కడి కుటుంబాలకు తగిన ఇల్లో, అత్యవసర వసతో చూపించాలి. 2023 ఏప్రిల్‌లో వుఆంబుషు అనే పేరుతో పెద్ద ఎత్తున కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు మొదటి బస్తీ దగ్గరే కోర్టు ఆపింది, పై కోర్టుల నుంచి అనుమతి తెచ్చుకుని మే 22న బుల్డోజర్లు దించారు. దీని అర్థం ఏమిటంటే, దీవిలో ఉన్న కొద్దిపాటి పడకలకు రెండు వైపుల నుంచి లాగుడు. శరణార్థికి ఇస్తే బస్తీ కూల్చడానికి చూపించే వసతి తగ్గిపోతుంది. బస్తీవాళ్లకు ఇస్తే శరణార్థి స్టేడియానికి పోతాడు. బస్తీల తొలగింపు ఖర్చు చాలావరకు విదేశీ భూభాగాల మంత్రిత్వ శాఖది. అంటే ఇది మూడో మంత్రి.

పిల్లలు నాలుగో జేబు. తల్లిదండ్రులు లేని మైనర్ల సంరక్షణ ఫ్రాన్స్‌లో డిపార్ట్‌మెంట్ కౌన్సిల్ బాధ్యత. మయోట్‌లో ఒంటరి పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలను కేంద్ర ప్రభుత్వమే పడవెక్కించి కొమొరోస్‌కు పంపేసింది. "మీరు పంపేసిన వాళ్ల పిల్లల్ని మేం సాకాలా?" అని కౌన్సిల్ అడుగుతుంది. పిల్లల సంరక్షణ మీకు అప్పగించిన అధికారమే కదా అని పారిస్ అంటుంది. ఈ ఒక్క ప్రశ్న మీద ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి, పరిహారం కొంత వచ్చింది, చాలదని కౌన్సిల్ ఇంకా అంటూనే ఉంది.

మళ్లీ కవానీకి. 2024 జనవరి 22 నుంచి స్థానిక సంఘాలు రోడ్లకు అడ్డంగా చెట్లు, పాత కార్లు, టైర్లు పడేశాయి. అంబులెన్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, షాపుల్లో సరుకులు అయిపోయాయి. జనవరి 25న గుడారాలు తీయడం మొదలైంది. ఫిబ్రవరి 11న హోం మంత్రి జెరాల్డ్ దార్మనాన్ దిగి, మయోట్‌లో పుట్టిన పిల్లలకు పుట్టుకతో వచ్చే పౌరసత్వ హక్కే తీసేస్తామన్నారు. టీవీల్లో ఆ మాటే మోగింది. కానీ స్టేడియంలో మనుషుల్ని విడదీసిన పద్ధతి నా దృష్టిలో అంతకంటే ఎక్కువ చెబుతుంది. హోదా వచ్చినవాళ్లు ఒక వరస, వాళ్లకు ఫ్రాన్స్ విమానం. దరఖాస్తు పెండింగ్ ఉన్నవాళ్లు ఒక వరస, వాళ్లకు దీవిలోనే ఎక్కడో ఒకచోట. తిరస్కరించినవాళ్లు ఇంకో వరస, వాళ్లను పంపేయడం. మూడు వరసలూ మూడు పద్దులే. నెలల తరబడి కలిసి వండుకున్న ఇరుగుపొరుగు గుడారాలు ఒక్క పూటలో మూడు ఖాతాలయ్యాయి.

ఫిబ్రవరి చివర్లో మూడు వందల మందికి పైగా శరణార్థులను విమానంలో తీసుకెళ్లి పారిస్ పశ్చిమాన ఒక పాత కోటలో పెట్టారు. అప్పుడు గొడవ అక్కడ మొదలైంది, మా ఊరికెందుకు పంపారని. ఇందులో మయోట్ వాళ్లకు ఒక పాఠం దొరికింది, నిజానికి వాళ్లు అడుగుతున్నదీ అదే. మయోట్‌లో ఇచ్చే నివాస కార్డుతో మామూలుగా ప్రధాన ఫ్రాన్స్‌కు వెళ్లడానికి లేదు, దానికి మళ్లీ వీసా కావాలి. శరణార్థి హోదా ఉన్నవాళ్లకు మాత్రమే వెసులుబాటు. "ఫ్రాన్స్‌లోకి రానిచ్చామంటారు, మా దీవిలో తాళం వేస్తారు" అని రోడ్లు ఆపినవాళ్ల మొదటి డిమాండ్లలో ఈ కార్డు రద్దు ఉంది. వసతి ఖర్చును 101 డిపార్ట్‌మెంట్లు పంచుకుంటే ఎవరికీ తెలియని భారం, ఒక్క దీవి మీద పెడితే స్టేడియం అవుతుంది. ఈ విషయంలో నేను రోడ్లు ఆపినవాళ్లతో ఏకీభవిస్తాను, రోడ్లు ఆపిన తీరుతో కాదు.

2024 డిసెంబర్ 14న చీడో తుఫాను వచ్చింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. రేకుల బస్తీలు కొండవాలుల మీద నుంచి చాపలా లేచిపోయాయి. ఒక్కరోజులో మొత్తం దీవి నిరాశ్రయ జనాభా అయింది. మనకు దివిసీమ నుంచి హుద్‌హుద్ దాకా తెలిసిన దృశ్యమే, బళ్లలో తలదాచుకోవడం. జనవరిలో బళ్లు తెరవాల్సి వచ్చినప్పుడు వాటిలో ఉన్నవాళ్లను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఫ్రెంచి పౌరులు, కొమొరోస్ వాళ్లు, ఆఫ్రికా శరణార్థులు ఒకే వరండాలో ఉన్నారు. ఎవరి పేరు ఏ పద్దులో రాయాలి?

జనవరి 3న ప్రిఫెక్ట్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఇనుప రేకు కొనాలంటే గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చూపించాలి. బస్తీలు మళ్లీ లేవకుండా చూడటం ఉద్దేశం. హార్డ్‌వేర్ షాపు కౌంటర్ దగ్గర నిలబడి ఆలోచించండి. ఇల్లు ఎగిరిపోయినవాడు రేకు కోసం వచ్చాడు. ఉన్న చిరునామా ఏదని అడుగుతున్నారు. అత్యవసర వసతి పద్దులో డబ్బు లేదు, సొంతంగా నాలుగు రేకులు కొనుక్కోడానికి కాగితం లేదు.

2025లో రెండు చట్టాలొచ్చాయి. మే 12న వచ్చింది పౌరసత్వానిది, ఇకపై మయోట్‌లో పుట్టిన బిడ్డకు ఫ్రెంచి పౌరసత్వం రావాలంటే అమ్మానాన్నలిద్దరూ అంతకుముందు ఏడాది నుంచి సక్రమంగా ఉంటూ ఉండాలి. ఆగస్టు 11న వచ్చింది పునర్నిర్మాణానిది, 2031 దాకా సుమారు 400 కోట్ల యూరోలు. రెండో దాంట్లో నీళ్లు, ఆసుపత్రులు, బళ్లు, భృతులను ప్రధాన ఫ్రాన్స్ స్థాయికి తేవడం అన్నీ ఉన్నాయి, వాటి అవసరం గురించి ఎవరూ వాదించరు. బస్తీల కూల్చివేత ఇంకా సులువైంది. ఆ నివాస కార్డు కట్టడి మాత్రం 2030లో గానీ పోదు.

ఈలోగా మాముద్జూకు దక్షిణాన, త్సూంద్జూలో మడ అడవి అంచున మళ్లీ గుడారాలు లేచాయి. ఆటుపోట్లకు తడిసే నేల. వచ్చినవాళ్లు మళ్లీ కాంగో, బురుండీ, సోమాలియా నుంచే. ఆశ్రయం మంజూరైతే వసతి కేంద్రంలోని పడక వదలడానికి చట్టం ఇచ్చే గడువు మూడు నెలలు, ఒకసారి పొడిగింపు. తిరస్కరిస్తే ఒక నెల. మడ అడవి దగ్గర ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఈ గడువులతో పనే లేదు, వదలడానికి వాళ్లకు పడక ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి.